కాళహస్తి ముందా, తిరుచానూరు ముందా

సుద్దముక్కతో గీసిన దారి

మా చిత్తూరులో మద్రాసు పోవాలంటే ఎవరైనా రైలెక్కుతారు. మునిరత్నమూ నేనూ సైకిళ్లెక్కాము. ఎక్కినవాళ్లం నేరుగా పట్నం పోయి వచ్చామా అంటే అదీ కాదు. కంచి, మహాబలిపురం మీదుగా సముద్రం అంచు పట్టుకుని పట్నాన్ని చుట్టి, తడ, కాళహస్తి, తిరుపతి దారిన ఇల్లు చేరాము. ఏం పని మీద పోయారని అప్పట్లో అడిగిన వాళ్లందరికీ ఏ పనీ లేదనే చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. ఇప్పుడు ఆ దారుల్లో బస్సులో కునుకు తీస్తూ పోయేవాళ్ల కోసం నిదానంగా మొదటి నుంచి చెబుతాను.

యుద్ధం ముగిసి, సైకిలు టైర్లు మళ్లీ అంగళ్లలో కనిపించడం మొదలైన రోజులవి. మునిరత్నానికి బజారువీధిలో ఇంటి ముందరే సైకిలు షాపు ఉండేది. అద్దెకిస్తాడు, బాగుచేస్తాడు. నేను బెల్లం మండీలో గుమాస్తాని. సాయంత్రం మండీ మూశాక అతని బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకు తినడం నాకు సంధ్యావందనం లాంటిది. యుద్ధకాలమంతా చినిగిన టైర్ల లోపల ఇంకో టైరు ముక్క పెట్టి ఊరి సైకిళ్లన్నీ నడిపించిన మనిషి, కొత్త టైర్లు చేతికి రాగానే అమ్ముకోకుండా మా ఇద్దరి సైకిళ్లకూ తొడిగేశాడు.

"పట్నం సుట్టూ ఒక సుట్టు సుట్టొద్దాం పా," అన్నాడు.

"పొయ్యి వస్తే సాలదా? సుట్టడమెందుకబ్బా?"

"పోయిన దోవనే తిరిగి రావడమంటే తిన్న విస్తట్లోనే మళ్లా తినడం. నా వల్ల గాదు."

షాపు నేల మీద సుద్దముక్కతో దారి గీశాడు. పంచరు వేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ ఆ దారి మీద ఒక అభిప్రాయం వదిలిపోయేవాడు. వాలాజా దాటితే మంచినీళ్లు దొరకవని ఒకడు, తడ దగ్గర దోమలు మనిషిని ఎత్తుకుపోతాయని ఇంకొకడు. ఎవరో ఒకరు కంచిని తొక్కి చెరిపేసేవారు, మునిరత్నం విసుక్కోకుండా మళ్లీ గీసేవాడు. ఆ రోజుల్లో షాపులోకి వచ్చినవాళ్లంతా సముద్రంలో కాలు పెట్టకుండా జాగ్రత్తగా పక్కనుంచి నడిచేవాళ్లు.

దారి మీద మాకు పేచీ లేదు. ఏ కొస నుంచి మొదలుపెట్టాలన్నదే పేచీ. ముందు తిరుపతి పోయి కొండకు దండం పెట్టుకుని, కాళహస్తి మీదుగా పట్నం దిగుదామని నేను. కాదు, ముందు కంచి వైపు పోదాం, కాళహస్తి చివర్లో రావాలని అతను. దానికి కారణం కూడా చెప్పాడు. కాళహస్తి గుళ్లోకి పోయినవాళ్లు ఆ తరువాత ఇంకో గుడికి గానీ, ఒకరి ఇంటికి గానీ పోకూడదు. అక్కడ వదిలించుకున్న దోషాన్ని ఇంకొకరి గడపలోకి మోసుకుపోకుండా నేరుగా సొంత ఇల్లు చేరాలి. మా పక్క పిల్లలకు కూడా తెలిసిన ఆచారమే. కాబట్టి కాళహస్తి చివర రావడమే న్యాయమని వాదించాడు.

న్యాయమే. కానీ అసలు సంగతి నాకు తెలుసు. కాళహస్తికీ చిత్తూరుకూ నడుమ తిరుచానూరు ఉంది. తిరుచానూరులో వాళ్లక్క మంగమ్మ ఉంది. యుద్ధం రోజుల్లో వాళ్లమ్మ పోయినప్పుడు, కబురందుకుని అక్క ఎక్కిన బస్సు, పెట్రోలు కరువుకు బొగ్గు మంట మీద నడిచేది, దారిలో చెడిపోయింది. పొద్దు గూకేలోగా దహనం కానియ్యాలని పెద్దలు తొందరపెట్టారు. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే అక్కా తమ్ముడూ మాటామాటా అనుకున్నారు. నీ గడప తొక్కనని ఆమె, నీ వీధి మొగం చూడనని ఇతను. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. కాళహస్తి గుళ్లోకి పోయి వస్తే, అక్క ఊరి పక్కనుంచే పోతూ కూడా ఆగనక్కరలేదు. తప్పు పట్టేవాళ్లు కూడా ఉండరు. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడన్నమాట.

బయలుదేరే పొద్దున అతని భార్య రాజమ్మ నాకు సద్దిమూట అందిస్తూ గొంతు తగ్గించింది. "అన్నా, మా వదినకు కండ్లు మసకేస్తా ఉండాయంట. ఈయనకు సెప్తే ఇనబడనట్టు లేసి పోయినాడు. ఎట్లన్నా సేసి తిరుసానూరులో ఆపన్నా. ఇంకా కొన్నాళ్లయితే తమ్ముడి మొగం గూడా ఆమెకు కనపడదేమో."

ఆపుతానన్నాను. మాట ఇవ్వడంలో నేనెప్పుడూ వెనకాడను. నిలబెట్టుకోవడం దగ్గరే నాకు ఆయాసం వస్తుంది.

కంచిలో ఒక అరుగు

మాఘమాసం. పొద్దున చలికి చెవులు నొప్పి పుట్టేవి, ఎండెక్కాక హాయిగా ఉండేది. రాణిపేట దాకా చెరుకు తోటలు, ఆ తరువాత వరిమళ్లు. నాకు కడుపు ముందు, దారి తరువాత. మునిరత్నానికి దారి ముందు, కడుపు ఎప్పుడో. నేను హోటలు కనిపించినచోటల్లా బెల్లు కొట్టేవాణ్ణి, అతను వెనక్కి చూడకుండా తొక్కేవాడు. ఆ ఏడు బియ్యం రేషను. ఏ హోటల్లోనైనా అన్నం కొలిచి పెట్టేవాళ్లు, రెండోసారి అడిగితే సర్వరు పైకప్పు వంక చూసేవాడు. కాలణా ఇడ్లీ అర్ధణా అయింది, సైజు మాత్రం పావలా అంతకు తగ్గింది.

కంచిలో ఇడ్లీ చూశాక ఆ దుఃఖం తీరింది. ఒక నేతగాడి ఇంటి అరుగు మీద ఎండకు ఆగితే, లోపలి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. నేను మునిరత్నంతో మాట్లాడిన మాట ఆయన చెవిన పడినట్టుంది.

"తెలుగువాండ్లా?" అన్నాడు. తమిళం రాగంలో తెలుగు మాట.

అవునన్నాము. వాళ్లూ తెలుగువాళ్లేనట. ఎన్ని తరాల కిందటో వచ్చి మగ్గాలు పెట్టుకున్నారు. ఇప్పుడు మనవలు ఇంట్లో తమిళమే మాట్లాడుతున్నారట. లోపలికి కేకేస్తే ఆయన భార్య అడ్డాకులో రెండు ఇడ్లీలు తెచ్చింది. మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి బుట్టలో ఉడికించినవి. మా ఇళ్లలో ఇడ్లీ నోట్లో కరిగిపోతే మెచ్చుకుంటారు, అక్కడ పళ్లకు పని పెట్టేదే మంచి ఇడ్లీ. నాకు రెండు పద్ధతులూ నచ్చాయి.

"ఊరికే మీలో మీరు మాటలాడండి. నేను వింటాను," అన్నాడు ముసలాయన.

ఎవరైనా అలా అడిగితే మనకు మాట రాదు కదా. ఏం మాట్లాడాలో తోచక మేము మా పాత పేచీనే ఎత్తుకున్నాము. కాళహస్తి ముందా, తిరుచానూరు ముందా. మునిరత్నం ఆచారం గురించి గొంతు పెంచాడు. ఆచారం నీకు ఎప్పటి నుంచి అబ్బిందని నేను పెంచాను. ముసలాయన కచేరీ వింటున్నవాడిలా కళ్లు మూసుకుని తలాడిస్తూ కూర్చున్నాడు. అయిపోయాక, "చిత్తూరు తెలుగు పోట్లాటకు శానా బాగుంటుంది," అన్నాడు తృప్తిగా. ఎందుకు పోట్లాడుతున్నామని మాత్రం అడగలేదు.

ఉప్పు నీళ్లు

సముద్రం గురించి మునిరత్నం ఎన్నేళ్లుగా కలలు కన్నాడో నాకు తెలుసు. మహాబలిపురంలో ఇసక దిబ్బ ఎక్కి తీరా చూశాక అతను చేసిన మొదటి పని, నా సైకిలు హ్యాండిలు పట్టుకుని వెనక్కి గుంజడం.

"ఇంక ముందరికి తేవద్దు. ఉప్పు గాలికి చైను తుప్పు పడతాది."

సైకిళ్లకు ఒకరు కాపలా ఉంటే ఇంకొకరు పోవాలని తీర్మానం. నేను పోయి మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పంచె తడుపుకుని, ఎవరూ చూడట్లేదనుకుని కొంచెం నీళ్లు నోట్లో పోసుకున్నాను. పక్కనే వల ఆరబెడుతున్న ఒక జాలరామె కడుపు పట్టుకుని నవ్వింది. సముద్రం లేని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లందరూ ఇదే చేస్తారట. తరువాత మునిరత్నం వంతు. చాలాసేపు అలల ముందు నిలబడి, తిరిగొచ్చి, "ఇన్ని నీళ్లుండాయి. మన సెరువుకు మాత్రం ఒక బిందె పంపడు ఆ దేవుడు," అన్నాడు. అంతే. దిబ్బ దిగి పోయేటప్పుడు మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

అక్కడి నుంచి పట్నానికి దారి ఇసక దారి. తొక్కిన దూరం కన్నా నడిపించిన దూరం ఎక్కువ. నేను అడుగడుక్కీ గొణిగాను, అతను అడుగడుక్కీ చైను తుడిచాడు.

పట్నంలో ట్రాము పట్టాలు ఉంటాయని షాపుకు వచ్చినవాళ్లెవరూ చెప్పలేదు. నా ముందు చక్రం పోయి సరిగ్గా పట్టాల సందులో దిగబడింది. సైకిలు ఆగింది, నేను ఆగలేదు. లేచి చూస్తే ఎదురుగా ట్రాము, అందులోంచి తొంగిచూస్తున్న సగం పట్నం. డ్రైవరు కాలితో గంట కొడుతూనే ఉన్నాడు. మునిరత్నం వచ్చి ముందు చక్రానికి సొట్ట పడిందేమో చూసి, ఆ తరువాత నన్ను చూశాడు. మోచేయి గీసుకుపోయింది. ఒక కాఫీ హోటలాయన పసుపు తెచ్చి అద్ది, కాఫీ కూడా ఇప్పించాడు. మా ఊళ్లో అయితే ముందు మజ్జిగ ఇచ్చి, ఎవరి అబ్బాయివని అడిగి, ఆ తరువాత పసుపు తెచ్చేవాళ్లు. ఆయన నా పేరు కూడా అడగలేదు. కాఫీ మాత్రం ఇప్పటికీ నాలుక మీద ఉంది.

మైలాపూరులో గుడి వీధిలో నడుస్తున్నాము. బుట్టల నిండా పూలు, మూర కొలిచి అమ్ముతున్నారు. మునిరత్నం ఒక దండ చేతిలోకి తీసుకుని పైకెత్తి చూశాడు.

"ఏం కట్టినారప్పా ఇది. పువ్వుకూ పువ్వుకూ నడుమ సైకిలు పోవచ్చు. మా అక్క కడితే దారం కనపడనే కనపడదు."

ఆ మాట అతని నోట విని ఎన్నేళ్లయిందో. అన్నాక తనే తడబడి, దండ బుట్టలో పెట్టేసి గబగబా ముందుకు నడిచాడు. నాకు మనసు కరిగిపోయింది. కోపం కాదు, వీడికి దిగులు. ఆ దిగులు మోయలేక చుట్టూ తిరుగుతున్నాడు.

గాలి తీసిన టైరు

తడ దగ్గర పెద్ద రోడ్డు వదిలి కాళహస్తి దారి పట్టాము. దోమల సంగతి నిజమే. మళ్లీ తెలుగు వినిపించడం మొదలైంది. బావి దగ్గర ఒకామె "యా వూరు నాయనా మీది?" అని అడిగితే, ఆ 'నాయనా' కోసం ఇంకో చెంబు నీళ్లు అడిగి తాగాను.

వరదయ్యపాళెం సత్రంలో నిద్ర లేచేసరికి నాకు ఒకటే బెంగ. ఈ పొద్దున కాళహస్తి చేరితే గుడి తెరిచి ఉంటుంది. మధ్యాహ్నం చేరితే మూసేసి ఉంటారు. గుడి మూసి ఉంటే దర్శనం లేదు, దర్శనం లేకపోతే సాకు లేదు. ఎట్లాగైనా పూట గడపాలి. మునిరత్నం మొగం కడుక్కోవడానికి బావి దగ్గరకు పోయినప్పుడు, అతని వెనక చక్రం వాల్వు తిప్పి గాలంతా తీసేశాను. సైకిలు షాపువాడి సైకిలుకు! ఇంత తెలివైన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

అతను వచ్చి చక్రం వంక చూశాడు. వంగి వాల్వు విప్పి, రబ్బరు వెలుతురులో పట్టుకుని చూసి, మళ్లీ బిగించాడు. నెమ్మదిగా పంపు కొట్టాడు. చక్రం రాయిలాగా అయింది.

"వాల్వు బాగుండాది. ట్యూబు బాగుండాది. గాలి తనంతట తాను యాడికీ పోదు," అన్నాడు. పంపు ఊడదీస్తూ, "మా రాజమ్మ సద్దితో పాటు నీకు ఇంకేం మూటకట్టి ఇచ్చిందో ఆ పొద్దే తెలుసు నాకు."

ఇక దాచేదేముంది. "సూడాలని లేదా నీకు?" అని సూటిగా అడిగాను.

పంపు క్యారియరుకు కట్టుకున్నాడు. "సూడాలని లేకేం. సూసి ఏం మాట్లాడేది? మొదట ఏ మాట అనాలో తెలకనే గదా ఇన్నాళ్లూ పోలా. తప్పు నాదంటే అబద్ధం. తప్పు ఆమెదంటే అదీ అబద్ధం. ఊరికే పోయి నిలబడితే, ఎందుకొచ్చినావంటే ఏం సెప్పేది?"

 సైకిళ్లెక్కాము. ఆ దారిలో రేగుచెట్లు విరగకాసి ఉన్నాయి, నేను ఒక్క పండు కూడా కోయలేదు.

కాళహస్తి గోపురం ముందు

పొద్దు నడినెత్తికి రాకముందే గోపురం కనిపించింది. గుడి తెరిచే ఉంది. నా తెలివితేటలన్నీ గంగలో కలిశాయి. మునిరత్నం స్వర్ణముఖి దగ్గర కాళ్లు కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని, టెంకాయ కొనడానికి నిలబడ్డాడు. అంగడి పెట్టుకున్నామె పెద్ద వయసు మనిషి, నుదుట రూపాయంత బొట్టు.

"యా వూరు నాయనా?"

"సిత్తూరు."

"దోవలో సుట్టపోళ్ల ఇండ్లేమన్నా ఉండాయా? ఉంటే ముందే సూసుకోని రావాల్సింది. సామిని సూసినాక యాడా ఆగకూడదు, తెలుసు గదా?" అందరికీ చెప్పే మాటే, టెంకాయ పీచు లాగుతూ చెబుతోంది.

"తెలుసమ్మా. ఎవురూ లేరు."

"ఈ పక్క అక్కాసెల్లెండ్లు గూడా ఎవురూ లేరా?"

"లేరు," అన్నాడు మునిరత్నం.

 నోరెత్తి ప్రయోజనం లేదనుకున్నాను. టెంకాయ పెట్టిన తట్ట పట్టుకుని అతను గోపురం వైపు నడిచాడు, వెనకే నేను. గడప దగ్గరికి పోయి ఆగిపోయాడు. వెనక నుంచి వచ్చేవాళ్లు ఇద్దర్నీ తోసుకుంటూ లోపలికి పోతున్నారు. ఒకాయన దారికడ్డమని విసుక్కున్నాడు కూడా. మునిరత్నం కదలలేదు. 

"సామి గడప ముందర నిలబడి, అక్క లేదని సెప్తినే," అన్నాడు.

గిర్రున తిరిగి అంగడి దగ్గరికి వచ్చి తట్ట దించాడు. "లోపలికి పోలేదమ్మా. నేను అబద్ధం సెప్పినాను. తిరుసానూరులో మా అక్క ఉండాది. గోపురం దాకా పోయినాను. ఇప్పుడు ఆమె ఇంటికి పోతే దోషమా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. ఇలాంటి తగాదా ఆమె ముందుకు ఇంతకుముందు రాలేదనుకుంటాను. "గడప దాటినావా?"

"లే."

"దాటకపోతే ఏమీ లే. పో నాయనా. సామి యాడికీ పోడు, ఇంకోసారి రా. టెంకాయ తీసకపో, ఆడబిడ్డ ఇంటికి ఉత్త సేతులతో పోకూడదు."

దాంతో నా దర్శనం కూడా పోయింది. గోపురానికి బయటినుంచే దండం పెట్టి అతని వెనక పరిగెత్తాను.

మంగమ్మ అరుగు

ఏర్పేడులో మజ్జిగ తాగుదామన్నా ఆగలేదు. రేణిగుంట దాకా అతన్ని అందుకోవడం నా వల్ల కాలేదు. తీరా తిరుచానూరు గోపురం కనిపించాక మాత్రం దిగాడు. బాగున్న చైనుకు నూనె వేశాడు. బాగున్న బ్రేకు బిగించాడు. సీటు కాస్త దించి, మళ్లీ ఎత్తాడు. ఇప్పుడు పూట గడుపుతున్నది ఎవరో! నేను పక్కన రాయి మీద కూర్చుని, ఒక్క మాట కూడా దెప్పకుండా, నా జీవితంలో అరుదైన ఓర్పు చూపించాను.

అమ్మవారి గుడి వెనక సందంతా దవనం, మరువం వాసన. ఇంటింటి ముందూ పూలబుట్టలు. మంగమ్మ అరుగు మీద కూర్చుని చేమంతులు కడుతోంది. చూపు ఎటో ఉంది, వేళ్లు మాత్రం పువ్వు వెనక పువ్వును వెతుక్కుని ముడివేస్తున్నాయి. దారం నిజంగానే కనపడడం లేదు.

మేము సైకిళ్లు గోడకు ఆనించాము. ఆమెకు ఎవరో ఇద్దరు యాత్రికులు మసకగా కనిపించి ఉంటారు, అంతే.

"కాళహస్తి పక్కనుంచి వస్తా ఉండారా? గుళ్లోకి పోయొస్తా ఉంటే అరుగెక్కొద్దు నాయనా, ఆడ్నే నిలబడండి. నీళ్లు తెచ్చిస్తా," అంది, లేవబోతూ.

మునిరత్నం వీధిలోనే నిలబడి చెప్పాడు. "పోలా అక్కా. గుళ్లోకి పోలా. నీ ఇంటికి రావాలని పోలా."

వేళ్లు ఆగిపోయాయి. ఒళ్లోంచి చేమంతులు జారి కింద పడ్డాయి. సందులో ఎవరో పూలు బేరమాడుతున్న గొంతు వినిపిస్తోంది. ఆమె అటూ ఇటూ కాకుండా మా ఇద్దరి నడుమ చూస్తూ, "దగ్గిరికి రారా, యాడుండావో కనపడలా," అంది.

అతను అరుగెక్కాడు. ఆమె మొగం తడిమి, చేతులు పట్టుకుని వాసన చూసింది. "ఇంకా అదే నూనె కంపు," అంది.

నేను టెంకాయ పట్టుకుని ఎటు చూడాలో తెలియక సైకిళ్ల వంక చూశాను.

ఆ పూట రాగిసంగటి, రోట్లో నూరిన ఊరుబిండి, గోంగూర. పట్నం హోటళ్లలో కొలిచి పెట్టిన అన్నాలన్నీ మరిచిపోయేదాకా తిన్నాను. గుడి సత్రంలో వంటచేసే ఆమె భర్త పని ముగించుకుని వచ్చాడు. బామ్మర్దిని చూసి ఏమీ ఆశ్చర్యపోనట్టు నటించి, లోపలికి పోయి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. టైర్ల గురించి, బియ్యం గురించి, సముద్రం గురించి అందరం మాట్లాడాము. అమ్మ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పడుకోబోయే ముందు మునిరత్నం, "ఇంటికి రా అక్కా," అన్నాడు. ఆమె దీపం తగ్గించింది.

పొద్దున లేచి చూస్తే మూట కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

పూతలపట్టు నుంచి

క్యారియరు మీద బొంత మడతపెట్టి అక్కను కూర్చోబెట్టుకున్నాడు. ఆ వయసు ఆడమనిషి సైకిలు మీద పోవడం ఆ రోజుల్లో ఎవరూ చూసి ఉండరు. చంద్రగిరిలో జనం అంగళ్లలోంచి బయటికి వచ్చి మరీ చూశారు. ఆమె మొదట కొంగు మొగం మీదికి లాక్కుంది. తరువాత పల్లం వచ్చి సైకిలు జర్రున పోతుంటే చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు విన్నప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. రాజమ్మకిచ్చిన మాట చెల్లిందని లోలోపల పొంగిపోయాను కూడా.

పూతలపట్టు కూడలి దగ్గర ఆమె తమ్ముడి వీపు తట్టింది. "ఆపు. దించు నన్ను."

"నొప్పి పుట్టిందా అక్కా?"

"లే. అమ్మ పోయిన పొద్దు బస్సు ఈడ్నే నిలిచిపాయె. డ్రైవరు బొగ్గుల తిత్తి తిప్పతానే ఉండె. నేను దిగి నడిస్తిని. ఇప్పుడూ ఈడ్నించి నడిసే వస్తా."

కొంగు బిగించి నడవడం మొదలుపెట్టింది. కోపమేమోనని నేను భయపడ్డాను. మునిరత్నం సైకిలు నడిపిస్తూ ఆమె పక్కన చేరాడు. నేను వెనక.

దారి పొడవునా గానుగలు ఆడుతున్నాయి. బెల్లం ఉడుకుతున్న వాసన. గానుగ దగ్గర ఆగినవాడికి చెరుకుపాలు పోయకుండా మా పక్క ఎవరూ పంపరు. పట్నం పక్క నీళ్లడిగినా మొగం చూసి ఇచ్చేవాళ్లు. మాకు పోశారు, తాగాము, మళ్లీ నడిచాము.

"ఈ మలుపు కాడ సెప్పు తెగిపాయె," అంది ఆమె. ఇంకొంత దూరం పోయాక, "ఈ రాయి మింద కూసున్నా. అమ్మకని తెచ్చిన పండ్లు ఈడ్నే పెట్టేసి పోతిని."

"పొద్దు కొండ మింద వాలేదాకా నేను పాడె ఎత్తనీలేదక్కా," అన్నాడు మునిరత్నం. "వీధి సివర నిలబడి సూస్తానే ఉంటిని. పెద్దోళ్లు రెక్క పట్టుకోని లాక్కపాయిరి."

"అది ఆ పొద్దే సెప్పి ఉంటే?"

"సెప్పనిస్తివా నువ్వు?"

కాసేపు చిన్నగా పోట్లాడుకున్నారు. కంచి ముసలాయన ఉంటే తలాడించేవాడు. తరువాత ఆమె గొంతు మారింది.

"కాలబెట్టేసినారని గాదురా నాకు ఏడుపు. పెద్దోళ్ల మాట మనం కాదంటామా. నేను వస్తే, ఎదురొచ్చేవాళ్లే లేకపాయిరి."

మా పక్క ఒక పద్ధతి ఉంది. చావు కబురు విని ఆ ఇంట పుట్టిన ఆడబిడ్డ వస్తే, ఇంట్లోవాళ్లు వీధి చివరికి ఎదురుపోయి ఆమెను పట్టుకుని గొంతెత్తి ఏడుస్తారు. అట్లా ఏడ్చి ఏడ్చే ఆమెను లోపలికి తీసుకుపోతారు. ఆ రోజు మంగమ్మ చేరేసరికి అందరూ స్నానాలు చేసేశారు. ఇల్లు కడిగేశారు. తడి ఆరిన నేల మీదికి ఒంటరిగా నడిచివచ్చింది.

"ఒక్కదాన్నే ఎట్లా ఏడ్సేది?" అంది. "ఏడ్వకుండానే తిరిగి పోతిని. ఇంతవరకూ అమ్మకు నేను ఏడ్వనే లేదు."

  అట్లాగే నడిచాము. చిత్తూరు చేరి నీవానది దాటేవేళకు పొద్దు వాలుతోంది. ఉన్నట్టుండి మునిరత్నం సైకిలెక్కాడు. చెప్పాపెట్టకుండా, వెనక్కి కూడా చూడకుండా ఊళ్లోకి తొక్కుకుంటూ పోయాడు.

"పోయినాడా?" అంది ఆమె. కళ్లకు కనపడకపోయినా సైకిలు చప్పుడు తెలుస్తుంది కదా. మొగం చిన్నబోయింది. నాకు వాడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంత దూరం తెచ్చి ఊరి మొగదల వదిలేసి పోతాడా! ఏదో పని గుర్తొచ్చి ఉంటుందని నీళ్లు నమిలాను. ఆమె మూట నా క్యారియరు మీద పెట్టుకుని, చెయ్యి పట్టుకుని బజారువీధి వైపు నడిపించాను.

వీధి చివర మునిరత్నం నిలబడి ఉన్నాడు. పక్కన రాజమ్మ, జుట్టు ముడి కూడా వేసుకోకుండా, చేసే పని చేసినట్టే వదిలేసి వచ్చినట్టుంది. మమ్మల్ని చూడగానే ఇద్దరూ ఎదురు వచ్చారు.

"అక్కా, అమ్మ పాయె గదక్కా," అన్నాడు మునిరత్నం.

మంగమ్మ అక్కడే కూలబడబోతే రాజమ్మ పట్టుకుంది. ముగ్గురూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని, నడివీధిలో, గొంతెత్తి ఏడ్చారు. అంత ఏడుపు ఆమెలో ఇన్నేళ్లూ ఎక్కడ దాగి ఉందో. సైకిలు పట్టుకుని నిలబడి నేను కూడా ఏడ్చాను.

మండీకి బెల్లం తోలుకుపోతున్న ఒకాయన బండి ఆపి కిందికి దిగాడు. తలగుడ్డ తీసి చేత పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఎవురు పోయినారప్పా?"

"వాళ్లమ్మ."

"అయ్యో. ఎప్పుడు?"

"ఈ పొద్దే," అన్నాను.